గుడ్డబొమ్మ కొన్నాను, కుట్లు విప్పి చూసినంత పని చేశాను

గుడ్డబొమ్మ చేతికి రాగానే నేను మొదట చూసేది మొహం కాదు, మెడ. కాస్త చెయ్యి తిరిగినవాళ్ళెవరైనా మొహం ముద్దుగానే కుట్టేస్తారు. మెడ దగ్గరే పనితనం బయటపడుతుంది. బొమ్మ మొత్తంలో బరువైనది తల, దాన్ని మొయ్యాల్సిందేమో సన్నటి మెడ. పైగా పిల్లలు బొమ్మని నడుం పట్టుకుని ఎత్తరు. మెడో, చెయ్యో, జుట్టో, ఏది అందితే అది పట్టుకుని ఈడ్చుకుపోతారు. కొన్నాళ్ళు పోయేసరికి మెడలో దూది కొంత పైకి, కొంత కిందికి జారిపోతుంది. తల ఒక పక్కకి వాలిపోతుంది. ఆ తరవాత అది బొమ్మ కాదు, బొమ్మ ఆకారంలో ఉన్న గుడ్డ.

ఈ బొమ్మ మెడ నిలిచింది. ఎలా నిలిచిందో చూద్దామని వేళ్ళతో నొక్కి నొక్కి పరీక్షించాను. చేసినావిడ తల లోపలి ఉన్ని ఉండని మెడ దగ్గర కత్తిరించకుండా, కిందికి పొడుగ్గా వదిలి, ఛాతీ సగం దాకా దింపింది. దాని చుట్టూ ఒంట్లోని దూది గట్టిగా కూరింది. అంటే తలని మోస్తున్నది కుట్టు కాదు, లోపలి కూర్పు. ఆపైన మెడ చుట్టూ కనపడని కుట్టు, జంట దారంతో రెండు చుట్లు. ఈ కుట్టు తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: సూది ఒకసారి తల గుడ్డ మడతలోంచి పోతుంది, ఒకసారి ఒంటి గుడ్డ మడతలోంచి. నాలుగైదు కుట్లయ్యాక దారం లాగితే రెండు మడతలూ దగ్గరికొచ్చి కరుచుకుంటాయి, దారం లోపలికి మాయమైపోతుంది. ముడి ఎక్కడేసిందా అని భూతద్దం పెట్టి మరీ వెతికాను. దొరకలేదు. నేను బట్టలు కుట్టి బతికినదాన్ని. కళ్ళు సహకరించక మిషను కోడలికి అప్పగించి, ప్రస్తుతం ఎదుటివాళ్ళ కుట్లకి వంకలు పెట్టే ఉద్యోగంలో ఉన్నాను. అలాంటిదాన్ని ముడి దొరకలేదంటున్నానంటే మాటలు కాదు.

బొమ్మ చేసినావిడ పేరు మాత్రం రాయను. రెండు మూడు ఫిర్యాదులు కూడా చెప్పబోతున్నాను. ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషిని నలుగురిలో నిలబెట్టడం నాకిష్టం లేదు. చిన్నప్పుడు పాత మేజోళ్ళలో పీలికలు కూరి బొమ్మలు చేసేదట. చదువుకునేటప్పుడూ చేసింది, పెళ్ళయ్యాకా చేసింది. లెక్కలు రాసే ఉద్యోగంలో ఉండగా సాయంత్రాలు కూర్చుని చేసి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచిపెట్టింది. ఉద్యోగం మానేశాక అదే వ్యాపారమైంది. ఇంతవరకూ చాలామంది కథే. ఇలాంటివాళ్ళ దగ్గర ఇదివరకు కూడా కొన్నాను, వాళ్ళతో నాకున్న చిక్కు ఒకటే. ప్రేమగా చేశామంటారు. చేస్తారు కూడా. కానీ ఊరికే ఇచ్చిన బొమ్మ చెయ్యి ఊడితే ఎవరూ ఏమీ అనరు. డబ్బు తీసుకుని ఇచ్చిన బొమ్మ చెయ్యి ఊడితే ఎవరిది బాధ్యత? ఈవిడ ఆ ప్రశ్నని నేను అడక్కముందే వేసుకున్నట్టుంది. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

మా మనవరాలికి సోడాబుడ్డి కళ్ళజోడు. తనలాగే కళ్ళజోడున్న బొమ్మ కావాలని దాని పేచీ. కొట్లలో ఎంత వెతికినా దొరకలేదు. ఎవరో చెప్తే ఈవిడకి ఫోన్ చేశాను. నేనైతే ముందు ఎత్తెంత, రంగేంటి, గౌనెలాంటిది అని అడుగుతుందనుకున్నాను. ఆవిడ అడిగిన మొదటి మాట, "పాపకి ఎన్నేళ్ళండీ అక్కయ్యగారూ?"

"ఐదు నిండాయమ్మా."

"ఇంట్లో ఇంకా చిన్నవాళ్ళున్నారా?"

"మనవడున్నాడు. ఇప్పుడిప్పుడే పాకుతున్నాడు. ఏది దొరికినా నోట్లోనే."

"అయితే తీగతో కళ్ళజోడు పెట్టనండీ. గుండీ కళ్ళు కూడా పెట్టను. బొమ్మ పాపదే కానీ, నేలమీద పడుంటే ముందు అందేది బాబుకే."

నాకు కాస్త పౌరుషం వచ్చింది. గుండీలు కుట్టడం నాకు తెలియని విద్యా? "గట్టి దారంతో కుడితే గుండీ ఎందుకూడుతుందమ్మా?" అన్నాను.

"గుండీ ఊడదండీ, గుడ్డ చిరుగుతుంది" అంది.

ఇక నోరు మెదపలేదు. నిజమే మరి. దారం ఎంత గట్టిదైతే అంత త్వరగా దాని కింద గుడ్డ కోసుకుపోతుంది. అందులోనూ బొమ్మలకి వాడేది సాగే అల్లిక గుడ్డ. చొక్కా గుండీ కింద బకరం అనే బిరుసు గుడ్డ ఉంటుంది, బొమ్మ మొహం కింద ఏముంటుంది?

తరవాత ఆవిడే ఒక గొట్టం గురించి చెప్పింది. పిల్లల బొమ్మల భద్రతకి ఒక కొలత గొట్టం ఉంటుంది. లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి లోతు ఒక పక్క 25.4, ఇంకో పక్క 57.1 మిల్లీమీటర్లు. మూడేళ్ళలోపు పిల్లల కోసం చేసిన బొమ్మ నుంచి ఊడొచ్చిన ముక్క ఏదైనా సరే, ఎటు తిప్పి పెట్టినా నొక్కకుండా ఆ గొట్టంలో పూర్తిగా పట్టేసిందా, అది గొంతుకి అడ్డంపడే ముక్కే. యూరప్ వాళ్ళ ఈఎన్ 71లోనూ, అమెరికా ఏఎస్‌టీఎం ఎఫ్963లోనూ, అంతర్జాతీయ ఐఎస్ఓ 8124లోనూ, ఈ మూడు బొమ్మల భద్రతా ప్రమాణాల్లోనూ ఇదే గొట్టం. ఆవిడ దగ్గర అలాంటి గొట్టం ఒకటుంది. గుండీ, పూస, గంట, ఆఖరికి గౌనుకి కుట్టే గుడ్డపువ్వు కూడా ముందు అందులో పడెయ్యాల్సిందే. పట్టిందంటే ఆ వస్తువు పెద్దవాళ్ళు దాచుకునే బొమ్మల డబ్బాలోకి పోతుంది.

మరి కళ్ళజోడు సంగతేంటంటే, దారంతో వేసింది. ముదురు నీలం దారం, సన్నటి గొలుసు కుట్టు. కళ్ళ చుట్టూ రెండు గుండ్రాలు, ముక్కు మీద చిన్న వంతెన, చెంపల మీదుగా రెండు కాడలు వెళ్ళి జుట్టులో దూరతాయి. గుండ్రాలు గీసినట్టు వచ్చాయి. సాగే గుడ్డ మీద గొలుసు కుట్టు వెయ్యడం ఎంత కష్టమో వేసినవాళ్ళకే తెలుసు. దారం కాస్త బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది, కాస్త వదిలితే గొలుసు లేచి నిలబడుతుంది. బొమ్మని చూడగానే మా మనవరాలు అన్న మొదటి మాట, "నానమ్మా, ఇది తియ్యడానికి రావట్లేదు." కాసేపాగి, "మంచిదేలే, పారేసుకోదు" అంది. రోజూ తన కళ్ళజోడు వెతకలేక మా కోడలి తలప్రాణం తోకకొస్తోంది మరి.

తల కట్టిన పద్ధతి గురించి కాస్త చెప్పాలి. ఇది వాల్‌డార్ఫ్ అనే జర్మన్ బడుల నుంచి వచ్చిన గుడ్డబొమ్మల తరహా. ఉన్నిని గట్టి ఉండగా చుట్టి, గొట్టంలాంటి పలచటి అల్లిక గుడ్డలో దూర్చి, మెడ దగ్గర కడతారు. తరవాత బలమైన దారం తీసుకుని తలకి అడ్డంగా, సరిగ్గా సగం ఎత్తులో బిగిస్తారు. అది కళ్ళ గీత. ఇంకో దారం నడినెత్తి నుంచి చెవుల మీదుగా గడ్డం కిందికి. రెండూ కలిసే చోట గట్టిగా కుట్టి, వెనకవైపు అడ్డదారాన్ని మెడ దాకా కిందికి లాగేస్తారు. దాంతో ముందువైపు నుదురు, బుగ్గలు, గడ్డం వాటంతటవే తేలతాయి, వెనకవైపు తల గుండ్రంగా వస్తుంది. దీని మీదికి ఒంటిరంగు గుడ్డ లాగి కుడతారు. ఇంత తతంగం లోపలుంటే బయటికి కనపడేది రెండు కళ్ళూ, ఒక చిన్న నోరూ. అంతే. నవ్వూ లేదు, ఏడుపూ లేదు. మా అబ్బాయికి ఇది నచ్చలేదు. "ఇంత డబ్బు పోసి కొంటే మొహంలో కళే లేదేంటమ్మా" అన్నాడు. కావాలనే అలా చేస్తారు. నవ్వుతూ ఉండే బొమ్మ, పిల్ల ఏడుస్తున్నప్పుడు కూడా నవ్వుతూనే ఉంటుంది. ఏమీ లేని మొహమైతే పిల్ల ఏమనుకుంటే అదే. ఈ మాట వాడికి చెప్పాను, వాడి మొహంలోనూ ఏ కళా కనపడలేదు.

ఒంటిరంగు విషయంలో ఆవిడ పట్టుదల నాకు నచ్చింది. నేను పాప ఫోటో పంపిస్తే, ఫోన్‌లో రంగు నమ్మకూడదండీ అని మూడు గుడ్డ ముక్కలు పోస్టులో పంపింది. చెయ్యి పక్కన పెట్టి, పగటి వెలుతురులో చూసి చెప్పమంది. మూడేనా అంటే, నా దగ్గరుండే రంగులే కొద్ది అంది. ఎందుకంటే బొమ్మల పరీక్ష ఖర్చు బొమ్మల లెక్కన కాదు, వాడిన సరుకు లెక్కన పెరుగుతుంది. కొత్త గుడ్డ, కొత్త అద్దకం, కొత్త దారం, ప్రతిదానికీ మళ్ళీ మొదలు. పది బొమ్మలు చేసేవాళ్ళకీ పదివేలు చేసేవాళ్ళకీ ఆ ఖర్చు ఒకటే. అమెరికాలో 2008లో పిల్లల వస్తువుల భద్రతా చట్టం తెచ్చినప్పుడు చేత్తో బొమ్మలు చేసేవాళ్ళు గగ్గోలు పెట్టింది ఇందుకే. 2011లో చిన్న తయారీదారులకి కొంత వెసులుబాటు ఇచ్చారు. ఈవిడ తేల్చుకున్నదేమిటంటే, సరుకు తక్కువ రకాలుండాలి, ఉన్నవాటి గురించి మొత్తం తెలిసుండాలి. ఆ గుడ్డ ఎలాంటిదో నేనూ చూశాను. తెల్లటి తడిగుడ్డతో బొమ్మ కాలిని గట్టిగా రుద్దితే రంగు అంటలేదు. గౌను ఎర్రది, అదైతే తప్పకుండా దిగుతుందనుకున్నాను. అదీ దిగలేదు.

ఇక గౌను. ఇక్కడికి వచ్చేసరికి నా లోపలి టైలరమ్మ లేచి కూర్చుంది.

చిన్న బట్టలు కుట్టడం తేలికని లోకం నమ్మకం. "ఇంత గౌనుకి ఇంత కూలా?" అని నన్నూ అడిగినవాళ్ళున్నారు, చంటిపిల్లల బట్టలు తెచ్చినప్పుడు. గుడ్డ తక్కువ పడుతుంది, పని తక్కువ పడదు. పెద్దవాళ్ళ చొక్కాకెన్ని కుట్లో, బొమ్మ చొక్కాకీ అన్ని కుట్లే. చెయ్యి పట్టని చోట, మిషను పాదం తిరగని చోట వెయ్యాలి. బొమ్మ గౌనులో చేతుల చుట్టుకొలత ఎంతుంటుంది, రెండు వేళ్ళు పడితే గొప్ప. పక్క కుట్టు వేసేశాక ఆ గొట్టంలోకి చెయ్యి అతకడం ఎవరి తరమూ కాదు. అందుకని ముందే పరిచి ఉన్నప్పుడు భుజానికి చెయ్యి అతికి, ఆ తరవాత చేతి అంచు నుంచి నడుం దాకా ఒకే కుట్టులో పక్కలు మూసెయ్యాలి. ఈవిడ అలాగే చేసింది. చంకలో కుట్టు వంపు తిరిగే చోట మార్జిన్‌కి చిన్న చిన్న కత్తెర గాట్లు పెట్టింది. లేకపోతే అక్కడ గుడ్డ పీక్కుపోతుంది. గౌను వెనక మొత్తం తెరుచుకుంటుంది కాబట్టి ఐదేళ్ళ పిల్ల తనంతట తను తొడగగలదు. గుచ్చుకునే హుక్కులు లేవు, జుట్టు పట్టి పీకే వెల్క్రో లేదు, మెడ దగ్గరా నడుం దగ్గరా పొట్టి నాడాలు. ముడి వెయ్యడం మా మనవరాలికి ఇంకా సరిగా రాదు, కానీ ఆ బొమ్మ వంకతో నేర్చుకుంటోంది.

వంక ఎక్కడంటే, అడుగు మడత. ఒకే మడత మడిచి కుట్టింది. మడత లోపలి అంచు పచ్చిగా ఉంది. నాలుగు ఉతుకులకి పీచులు లేస్తాయి, లేచాయి కూడా. ఇంత శ్రద్ధగా చేసిన మనిషి ఇక్కడెందుకు వదిలేసిందో అర్థం కాక అడిగాను. రెండు మడతలేస్తే అంత చిన్న గౌనుకి అంచు మందమై బిర్రుగా నిలబడుతుందండీ అంది. సరే, ఆ మాట నిజమే. దానికి విరుగుడు ఒక మడత మానెయ్యడం కాదు, పలచటి గుడ్డతో సన్నటి పట్టీ వేసి లోపలికి తిప్పడం. చెప్పాను. రాసుకుంటున్నానండీ అంది. రాసుకుందో లేదో రెండో బొమ్మ వస్తే తెలుస్తుంది.

రెండో వంక జుట్టు. మెత్తటి ఉన్ని దారం, వంకీలు తిరిగి అందంగా ఉంది. పాపిట దగ్గర వెనక కుట్టుతో దగ్గరదగ్గరగా బిగించింది, అక్కడ ఢోకా లేదు. తల వెనక మాత్రం వరసల మధ్య ఎడం ఎక్కువైంది. జడ వేస్తే ఒంటిరంగు గుడ్డ కనపడుతోంది. జుట్టు వదిలేస్తే తెలియదు. కానీ బొమ్మకి జడ వెయ్యని ఆడపిల్ల ఎక్కడుంటుంది? దువ్వెన పెడితే పీచు రాలుతుంది కూడా. దువ్వొద్దు, వేళ్ళతో చిక్కు తియ్యండి అని చీటీలో రాసింది. ఆ చీటీ నేను చదివాను, ఐదేళ్ళ పిల్ల చదవలేదు.

అసలు పెద్ద ఫిర్యాదు ఆలస్యం. ఇస్తానన్న తేదీ దాటిపోయింది. దాటినందుకు కాదు నా బాధ, చేతిపని అన్నాక అటూఇటూ అవుతుంది. దాటబోతోందని ముందు చెప్పకపోవడం. నేను ఫోన్ చేస్తే తప్ప కబురు లేదు. చేస్తే మాత్రం దాచకుండా చెప్పింది. ఎవరికో చనిపోయినవాళ్ళ చీరతో బొమ్మ కావాలట. ఆ చీర పాతదై పట్టుకుంటే చీలికలైపోతోందట. దానికి లోపల వేరే గుడ్డ అంటించి బలం చేసేసరికి నా బొమ్మ వెనకబడింది. మనసున్న మనిషికి ఇలాంటి పని కాదనడం కష్టమే. కాదనకపోతే పోనీ, దానికి పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోవాలి. లెక్కలు రాసే ఉద్యోగం చేసిన మనిషికి ఇది నేను చెప్పాలా? ఇప్పుడు పద్ధతి మార్చిందని విన్నాను. ఒకే కొలతలో చాలా ఒళ్ళు ఒకేసారి కత్తిరించి, కుట్టి, కూరి పెట్టుకుంటోంది. మొహం, జుట్టు, బట్టలు మాత్రం అడిగినవాళ్ళని బట్టి. అలా కూరి పెట్టుకున్న ఒళ్ళు అయిపోయేదాకానే ఆర్డర్లు తీసుకుంటుంది. మంచి పని. రోజుకో కొలతలో కత్తిరించేవాళ్ళకి చెయ్యి కుదరదు.

ఈ చిక్కు కొత్తదేం కాదు. జర్మనీలో కేథె క్రూజె అని ఒకావిడ ఉండేది. 1905లో కూతురు బొమ్మ కావాలంటే, కొట్లో బొమ్మలు నచ్చని భర్త నువ్వే చెయ్యి అన్నాడు. తువ్వాలులో ఇసక పోసి, మూలలు ముడేసి, బంగాళాదుంప తలగా కట్టి మొదటి బొమ్మ చేసింది. 1910లో బెర్లిన్‌లో ఒక పెద్ద దుకాణం పెట్టిన ఇంట్లో చేసిన బొమ్మల ప్రదర్శనలో ఆవిడ బొమ్మలకి పేరొచ్చింది. తయారీ ఒక బొమ్మల కంపెనీ చేతికిస్తే వాళ్ళ పని ఆవిడకి నచ్చలేదు. అమెరికా నుంచి పెద్ద ఆర్డరొస్తే ఇంట్లోనే మనుషుల్ని పెట్టుకుని చేయించింది. 1912లో బాట్ కోజెన్ అనే ఊళ్ళో సొంత పనిశాల పెట్టుకుంది. ఆవిడ పేరుతో బొమ్మలు ఇప్పటికీ వస్తున్నాయి. చేత్తో చేసే బొమ్మలో ఏ పని ఇతరులకి అప్పగించొచ్చు, ఏది తన చేతిలోనే ఉండాలి అన్న లెక్క అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. మా బొమ్మలావిడ ఒంటి కుట్లకి పక్కింటమ్మాయిని పెట్టుకుంది, కూరడం మాత్రం తనే చేస్తుంది. ఎందుకంటే ఎంత కూరాలో చెప్పడానికి మాటల్లేవు, చేతికి తెలియాల్సిందే. గుడ్డ కత్తిరించడానికి వాడే అచ్చు కాగితాలు కూడా తను గీసుకున్నవే. కొన్న అచ్చులతో కుట్టిన బొమ్మని అమ్ముకోవాలంటే గీసినవాళ్ళు పెట్టిన షరతులు చూసుకోవాలి, కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఆ తలనొప్పి పెట్టుకోలేదు.

ధర సంగతి. కొట్లో మిషను బొమ్మతో పోలిస్తే చాలా ఎక్కువ, దాచడానికేం లేదు. మా కోడలు విని, "అత్తయ్యా, ఇంత పోసి గుడ్డబొమ్మా?" అంది. నేను కాగితం తీసుకుని గంటలు లెక్కేశాను. తల కట్టడం, ఒళ్ళు కూరడం, జుట్టు, మొహం, గౌను, లోపలి లాగు, గుడ్డ చెప్పులు. కుట్టుకూలి లెక్కన వేసినా ఆవిడ అడిగినదానికన్నా ఎక్కువే తేలింది. ఆ మాట ఆవిడకి చెప్తే నవ్వింది. మొదట్లో గుడ్డ ఖరీదూ, ఉన్ని ఖరీదూ మాత్రమే వేసుకునేదట. ఎన్ని ఎక్కువ అమ్మితే అంత నష్టం. ఇష్టమైన పనికి కూలేంటి అనుకునేదాన్నండీ, మా వారు ఒకరోజు కరెంటు బిల్లు చేతిలో పెట్టారు అంది. ఇప్పుడు గంటలు రాసుకుంటోంది, కానీ రాసుకున్న గంటలన్నీ బిల్లులోకి రావట్లేదని నా అనుమానం. ఫోన్‌లో నాతో మాట్లాడిన సేపు ఎవరి ఖాతా? పోస్టులో పంపిన గుడ్డముక్కలు ఎవరి ఖాతా? కొనేదాన్నై ఉండి ధర పెంచమని చెప్తున్నానని మావాళ్ళు నవ్వారు. ఈవిడ కొట్టు మూసేస్తే చిరిగిన బొమ్మని ఎవరు బాగుచేస్తారు?

బాగుచేయడం అంటే గుర్తొచ్చింది. బొమ్మతో పాటు ఒక చిన్న కాగితం కవరు వచ్చింది. అందులో అరచేతంత ఒంటిరంగు గుడ్డ, ఒక మూర జుట్టు దారం, కళ్ళజోడు నీలం దారం ఒక పోగు. కవరు మీద బొమ్మ నంబరు, దారాల రంగు నంబర్లు. ఇలాంటి కవరే ఇంకొకటి తన దగ్గర ఉంచుకుంటుందట. చెయ్యి తిరిగినవాళ్ళు ఇంట్లోనే అతుకు వేసుకోవచ్చు, లేనివాళ్ళు బొమ్మని వెనక్కి పంపొచ్చు. మనవడు బొమ్మ చేతిని నమిలి, పీకి, భుజం కుట్టు కాస్త వదులు చేశాడు. నేనే వేసెయ్యగలను, కానీ ఎలా చేస్తుందో చూద్దామని పంపించాను. తిరిగొచ్చాక చూస్తే వదులైన చోటే కాదు, రెండో భుజానికి కూడా కుట్టు కొత్తగా వేసింది. ఒక భుజం గట్టిగా, ఒకటి వదులుగా ఉంటే పట్టుకోవడంలో తేడా తెలుస్తుందని చీటీ. డబ్బు తీసుకోలేదు. దారి ఖర్చు కూడా తనే పెట్టుకోబోయింది, నేను ఊరుకోలేదు.

ఉతకడం గురించి కొనేవాళ్ళందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. తలలో గొర్రె ఉన్ని, ఒంట్లో ఫైబర్ దూది. ఉన్నికి ఒంటివేడి పడుతుంది, కాసేపు హత్తుకుంటే బొమ్మ వెచ్చగా ఉంటుంది. కానీ తడిస్తే ఒక పట్టాన ఆరదు, వేడినీళ్ళు తగిలితే ముడుచుకుంటుంది. అందుకని మరకలు పడ్డ చోట తడిగుడ్డతో తుడవడమే మేలు. మొత్తం ఉతకాల్సి వస్తే చన్నీళ్ళు, తేలికపాటి సబ్బు. పిండకూడదు, పొడి తువ్వాల్లో చుట్టి నొక్కి, గాలి తగిలే నీడలో ఆరబెట్టాలి. నేను ఒకసారి ముంచాను. ఒళ్ళు త్వరగానే ఆరింది, తల లోపలి చెమ్మ పోవడానికి చాలాసేపు పట్టింది. ఆకారం చెడలేదు, మెడ వాలలేదు. నిద్రలో పక్క తడిపే వయసు పిల్లలుంటే మొత్తం ఫైబర్‌తో చెయ్యమని అడగండి, చేస్తుంది.

కొనాలనుకునేవాళ్ళు ఎత్తు ముందే అడిగి తెలుసుకోండి. ఆవిడ పెట్టే ఫోటోల్లో పక్కన స్కేలు గానీ, చెయ్యి గానీ ఉండదు, బొమ్మ ఎంతుంటుందో అంతుపట్టదు. మాది 16 అంగుళాలు, ఐదేళ్ళ పిల్ల చంకలో సరిగ్గా ఇముడుతుంది. పుట్టినరోజు దగ్గర పెట్టుకుని ఆర్డరివ్వకండి, బొమ్మ చేతికొచ్చాక పుట్టినరోజు సంగతి చూసుకోండి. నెలకో బొమ్మ కొనిచ్చి, విరిగితే పారేసే ఇంటికి ఇది అనవసరం. బొమ్మకి ప్లాస్టిక్ రెప్పలు, మాట్లాడే పెట్టె కావాలనేవాళ్ళకీ అనవసరం.

మనవడికి ఏడాది నిండగానే వాడికీ ఒకటి చెప్పాను. కళ్ళజోడు అక్కర్లేదు, జుట్టు కూడా వద్దు, కుట్టిన టోపీ చాలన్నాను. అడుగు మడత గురించి మాత్రం ఇంకోసారి గుర్తుచేశాను. "ఈసారి బట్టలు మీరే కుట్టి పంపండి అక్కయ్యగారూ, బిల్లులో తగ్గిస్తాను" అంది. ఎంత తగ్గిస్తుందో చెప్పమన్నాను. గంటలు రాసుకుని చెప్తానంది.